ఉన్నత విద్యా సంస్కరణలు: ప్రవేశము, ప్రమాణము, ప్రయోజనము

మన దేశమున ఉన్నత విద్యను గూర్చి వెలువడిన నివేదికలను ఒకచోట చేర్చినచో అదియే ఒక చిన్న గ్రంథాలయము కాగలదు. కాలము మారినది, సంఘముల పేర్లు మారినవి, అధ్యక్షులు మారినారు. కాని ఆ నివేదికలన్నింటిలోను మూడు లక్ష్యములు మాత్రము మరల మరల కానవచ్చుచున్నవి. మొదటిది ప్రవేశము, అనగా చదువ గోరిన ప్రతివానికి కళాశాల ద్వారము తెరచియుండుట. రెండవది ప్రమాణము, అనగా లోపల లభించు బోధన నాణ్యమైనదై యుండుట. మూడవది ప్రయోజనము, అనగా నేర్చిన చదువు జీవితమునకు, జీవనోపాధికి అక్కరకు వచ్చుట.

ఈ మూడు మాటలు ప్రభుత్వ పత్రములకు సంబంధించినవని, తమకు వానితో పని లేదని విద్యార్థులు భావించుట సహజము. నిజమునకు ఈ మాటలు వారిని గురించినవే. ఈ సంస్కరణల చరిత్రను సంగ్రహముగ తెలిపి, మనవంటి సామాన్య కళాశాలలో వాని ఫలితము ఎట్లున్నదో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

పూర్వరంగము

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు నెలకొన్నవి. ఆనాటి లండన్ విశ్వవిద్యాలయము వానికి నమూనా. అవి మొదట బోధించు సంస్థలు కావు. బోధన కళాశాలలది, పాఠ్యప్రణాళిక నిర్ణయించుట, పరీక్షలు జరుపుట, పట్టములిచ్చుట విశ్వవిద్యాలయమువి. బోధించువాడొకడు, పరీక్షించువాడు మరియొకడు. ఈ అనుబంధ పద్ధతి నేటికిని మన కళాశాలలలో అధిక భాగమునకు వర్తించుచున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1948లో, డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా సంఘము ఏర్పడినది. హైదరాబాదున జన్మించి, అనంతరము రాష్ట్రపతి పదవి నలంకరించిన డాక్టర్ జాకిర్ హుసేన్ ఆ సంఘమున సభ్యులు. 1949లో సమర్పించిన నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయముల అవసరము చెప్పబడినది. బోధనా మాధ్యమముగ ఆంగ్లము స్థానమున భారతీయ భాషలు రావలెనని సూచింపబడినది. విశ్వవిద్యాలయములకు నిధులు పంచి ప్రమాణములను కాపాడు సంస్థ ఒకటి కావలెనన్న ఆ సంఘము సూచన ఫలించి, 1953లో నాటి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమును ప్రారంభించిరి. 1956లో దానికి చట్టబద్ధత కలిగినది.

1964 నుండి 1966 వరకు డాక్టర్ డి. ఎస్. కొఠారీ అధ్యక్షతన పనిచేసిన విద్యా సంఘము మరింత విస్తృతముగ ఆలోచించినది. ప్రసిద్ధ విద్యావేత్త ఖ్వాజా గులాం సయ్యదైన్ అందొక సభ్యులు. జాతీయాదాయములో ఆరు శాతము విద్యకు వెచ్చింపవలెనని, ప్రాంతీయ భాషలు సుమారు పది సంవత్సరములలో విశ్వవిద్యాలయ స్థాయిని బోధనా మాధ్యమములు కావలెనని, మంచి కళాశాలలకు స్వయంప్రతిపత్తి నీయవలెనని ఆ సంఘము కోరినది. 1968, 1986 జాతీయ విద్యా విధానములు, 1986 విధానమునకు 1992లో చేసిన సవరణ, 2020 జాతీయ విద్యా విధానము ఈ పునాదిపై నిలిచినవే. ఆరు శాతము మాటను 2020 విధానము కూడ మరల చెప్పినది. మరల చెప్పవలసి వచ్చినదనగా అది నెరవేరలేదని వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రవేశము

స్వాతంత్ర్యము వచ్చునాటికి మన దేశమున సుమారు 20 విశ్వవిద్యాలయములు, 500 కళాశాలలు ఉండెను. 2021-22 నాటి అఖిల భారత ఉన్నత విద్యా సర్వేక్షణ ప్రకారము విశ్వవిద్యాలయ స్థాయి సంస్థలు 1,168, కళాశాలలు 45 వేలకు పైబడినవి, విద్యార్థులు 4.33 కోట్లు. వారిలో దాదాపు సగము మంది స్త్రీలు. స్థూల నమోదు నిష్పత్తి 28.4 శాతము. పదునెనిమిది నుండి ఇరువది మూడు సంవత్సరముల వయస్సు గల జనసంఖ్యతో పోల్చినచో నూటికి ఇరువది ఎనిమిది మంది లెక్కన ఉన్నత విద్యలో పేర్లు నమోదైనవని దీని భావము. 2035 నాటికి దీనిని 50 శాతమునకు పెంచవలెనని 2020 విధానము లక్ష్యముగ పెట్టుకొన్నది.

ప్రవేశ ద్వారమును విశాలము చేసిన ప్రయత్నములలో మన హైదరాబాదుకు విశిష్ట స్థానము కలదు. 1982లో ఇచట నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. బడి చదువు పూర్తికానివారు సైతము అర్హత పరీక్ష వ్రాసి పట్టభద్రులగుటకు అది దారి చూపినది. దాని తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డి, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని ఆయనయే తొలి ఉపాధ్యక్షులైరి. ఉర్దూ మాధ్యమమున ఉన్నత విద్య నందించుటకు 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఇచటనే స్థాపింపబడినది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకము పేద కుటుంబముల పిల్లలను వేల సంఖ్యలో కళాశాలలకు చేర్చినది.

అయినను కొరత తీరలేదు. 2006 నాటి సచార్ సంఘ నివేదిక ప్రకారము ఇరువది సంవత్సరములు పైబడిన జనాభాలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలసి సుమారు 7 శాతము కాగా, ముస్లిములలో వారు 4 శాతము లోపే ఉండిరి. అల్పసంఖ్యాక వర్గముల పరిశోధక విద్యార్థులకై ఆ తరువాత వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పు 2022 నుండి నిలిపివేయబడినది.

ఇచట ఒక అనుభవమును చెప్పకతప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట బి.కాం. మొదటి సంవత్సరములో ఒక బాలిక నా తెలుగు తరగతికి వచ్చెడిది. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమము. తండ్రి దర్జీ. ఒకనాడు నేను తెలుగు నోటుపుస్తకము అడుగగా పొరపాటున అర్థశాస్త్రపు పుస్తకమును ఇచ్చినది. తెరచి చూచితిని. లిపి ఉర్దూ, భాష ఆంగ్లము. అధ్యాపకుడు చెప్పిన ఆంగ్ల వాక్యములను చెవికి వినబడినంతవరకు ఉర్దూ అక్షరములలో వ్రాసుకొన్నది. డిమాండ్ సూత్రము అట్లే ఒక పుట నిండుగ ఉన్నది. "దీని అర్థమేమి?" అని అడిగితిని. "అర్థం తెలియదు సార్. పరీక్షలో రాయాలి కదా" అన్నది.

ఆ పుట చూచినప్పుడు నాకు నా మొదటి సంవత్సరము జ్ఞాపకమునకు వచ్చినది. ఇంటర్మీడియెట్ వరకు తెలుగు మాధ్యమమున చదివిన నేనును ఇట్లే ఆంగ్ల వాక్యములను తెలుగు అక్షరములలో వ్రాసుకొన్నవాడనే. అయినను ఆనాడు నేను ఆ పుస్తకమును మూసి ఆమె చేతికిచ్చి, తెలుగు పాఠము చెప్పి వెడలితిని. మొదటి సెమిస్టరులో ఆమె మూడు పేపర్లు తప్పినది. రెండవ సెమిస్టరునకు రాలేదు. ఇంటికి వెళ్ళి అడుగగా తండ్రి ఉర్దూలో చెప్పిన మాటకు తెలుగు ఇది: "పాస్ కాని చదువుకు బస్సు ఖర్చులు ఎందుకు సార్? ఇంట్లో మిషన్ మీద కూర్చుంటే నాలుగు రూపాయలు వస్తాయి. అసలే ఈ నెల గిరాకీ లేదు."

గిరాకీ. ఆ బాలిక అర్థము తెలియక కంఠస్థము చేసిన డిమాండ్ అనగా ఇదియే. తండ్రి దుకాణములో ఆమె నిత్యము వినుచున్న మాటయే అది. పాఠమునకు, ఆ మాటకు నడుమ ఒక్క వాక్యపు దూరమున్నది. ఆ వాక్యమును చెప్పువారు ఆమెకు లభింపలేదు. చెప్పదగిన వారిలో నేనొకడను.

ఆ సంవత్సరపు లెక్కలలో ఆ బాలిక కళాశాలలో చేరినవారిలో ఒకతెగ నమోదై యుండును. నమోదు నిష్పత్తి పెరుగుటకు ఆమె పేరును తోడ్పడినది. 2020 విధానము ప్రకారము ఒక సంవత్సరము చదివి వెడలినవారికి సర్టిఫికెట్టు, రెండు సంవత్సరములకు డిప్లొమా, మూడు సంవత్సరములకు డిగ్రీ, నాలుగు సంవత్సరములకు ఆనర్సు డిగ్రీ. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంకులో నిలువయుండును. మరల వచ్చి చదువవచ్చును. ఇది మంచి ఏర్పాటే. కాని తప్పిన పేపర్లకు క్రెడిట్లు రావు. అర్థము కాక వెడలిపోవు విద్యార్థికి ఈ బ్యాంకులో దాచుకొనుటకు ఏమియు ఉండదు.

భాష

కనుక ప్రవేశపు సమస్య వెంటనే భాషా సమస్యగ మారుచున్నది. ఈ విషయమున మన నగరమునకు నూరు సంవత్సరముల అనుభవము కలదు. 1917లో వెలువడిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక భారతీయ భాషను బోధనా మాధ్యమముగ స్వీకరించిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయము. ఆంగ్లమును నిర్బంధ పాఠ్యాంశముగ ఉంచుకొనుచునే, వైద్యము, ఇంజనీరింగు వంటి శాస్త్రములను సైతము ఉర్దూలో బోధించినది. ఇందులకై ఏర్పడిన అనువాద విభాగము పారిభాషిక పదములను రూపొందించి, వందలకొలది గ్రంథములను తర్జుమా చేయించినది. సంకల్పమును ధనమును ఉన్నచో దేశభాషలో ఏ శాస్త్రమునైనను బోధింపవచ్చునని ఆ ప్రయోగము నిరూపించినది.

అయితే ఆ చరిత్రకు రెండవ వైపును దాచరాదు. నాటి హైదరాబాదు సంస్థానములో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు; మరాఠీ, కన్నడము మాటలాడువారును కలరు. ఉర్దూ పిల్లవానికి విశ్వవిద్యాలయము తన ఇంటివలె తోచినచో, జిల్లాల నుండి వచ్చిన తెలుగు పిల్లవానికి అది పరాయి ఇల్లే. అతడును ఆనాడు ఉర్దూ వాక్యములను తెలుగు లిపిలో వ్రాసుకొనియుండునని నేను ఊహింపగలను. 1948 తరువాత మాధ్యమము ఆంగ్లమునకు మారినది. అప్పుడు కష్టము ఉర్దూ విద్యార్థి వంతు అయినది.

1968లో తెలుగు అకాడమి స్థాపింపబడినది. నాటి విద్యామంత్రి శ్రీ పి. వి. నరసింహారావు దాని వ్యవస్థాపక అధ్యక్షులు. అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథములను చదివి పట్టభద్రులైన వారు ఉభయ రాష్ట్రములలో అసంఖ్యాకులు. వారిలో నేనొకడను. ఇటీవలి కాలమున గాలి రెండు వైపుల నుండి వీచుచున్నది. ఒక ప్రక్క 2020 విధానము ఉన్నత విద్యలో భారతీయ భాషలను ప్రోత్సహింపుమన్నది. 2021లో తెలుగుతో సహా కొన్ని భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి లభించినది. మరియొక ప్రక్క అదే 2021-22లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలు ఆంగ్ల మాధ్యమమునకు మారినవి.

ఆంగ్లము వలదని నేననను. ఉద్యోగమునకు ఆంగ్లము కావలెనని తలిదండ్రులు కోరుటలో తప్పు లేదు. ధనికుల బిడ్డలకు ఆంగ్లము, పేదల బిడ్డలకు మాతృభాష అనుట న్యాయమును కాదు. కాని ఏటి ఆవలి ఒడ్డు అందమైనదని చెప్పినంతమాత్రమున ఈవలి వాడు ఆవలికి చేరడు. అతనికి వంతెన కావలెను. మన విధానములు ఏ ఒడ్డు మేలని వాదించినంతగా వంతెనను గూర్చి ఆలోచింపలేదు.

ప్రమాణము

ప్రమాణమును గూర్చిన చర్చకు మూలము పైన చెప్పిన 1857 నాటి పద్ధతిలో ఉన్నది. ప్రశ్నపత్రము ఎచటనో తయారగును. అధ్యాపకుడు తన యెదుటనున్న విద్యార్థికి ఏది అవసరమో అది గాక, ప్రశ్నపత్రమున ఏది రాగలదో అది చెప్పవలసివచ్చును. విద్యార్థి పాఠ్యగ్రంథమును విడిచి గైడును, గైడును విడిచి ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితాను ఆశ్రయించును. దీనికి విరుగుడుగ కొఠారీ సంఘము సూచించిన స్వయంప్రతిపత్తి కళాశాలలు 1978 నుండి ఏర్పడసాగినవి. అనుబంధ పద్ధతిని పదునైదు సంవత్సరములలో క్రమముగ తొలగింపవలెనని 2020 విధానము చెప్పుచున్నది.

1994లో బెంగుళూరు కేంద్రముగ ఏర్పడిన జాతీయ మూల్యాంకన సంస్థ, అనగా న్యాక్, కళాశాలలను పరిశీలించి గ్రేడులు నిర్ణయించుచున్నది. దీనివలన గ్రంథాలయములు, ప్రయోగశాలలు, రికార్డులు కొంత బాగుపడినమాట నిజము. కాని తనిఖీ బృందము వచ్చుటకు ముందు గోడలకు సున్నము, ఫైళ్ళకు క్రొత్త అట్టలు వేయుటయే ప్రమాణమని భ్రమపడు ప్రమాదమును కలదు. తెలంగాణమున 2016-17 నుండి డిగ్రీ స్థాయిలో సెమిస్టరు, క్రెడిట్ పద్ధతులు వచ్చినవి. ఇంటర్నల్ మార్కులు అధ్యాపకుని చేతికి కొంత స్వేచ్ఛ నిచ్చినవి. అయితే శాశ్వతాధ్యాపకులు పదవీ విరమణ చేయుచుండగా వారి స్థానములు ఖాళీగనుండి, గెస్టు లెక్చరర్లతో సంవత్సరము గడచుచున్న కళాశాలలలో, ఈ స్వేచ్ఛను ఉపయోగించువారెవరు? వచ్చే యేడు ఉద్యోగముండునో లేదో తెలియని అధ్యాపకుడు మొదటి సంవత్సరపు విద్యార్థిని మూడవ సంవత్సరము వరకు గమనించుట ఎట్లు సాధ్యము?

నా దృష్టిలో ప్రమాణమునకు ఒక సులభమైన కొలబద్ద కలదు. కళాశాలలో చేరిననాడు విద్యార్థి ఎచట ఉన్నాడు, వెడలుచున్ననాడు ఎచట ఉన్నాడు అన్నదే అది. తొంబది శాతము మార్కులతో వచ్చినవానిని తొంబది శాతముతోనే పంపుట గొప్ప కాదు. అక్షరములను లిపి మార్చి వ్రాసుకొన్న విద్యార్థి మూడేండ్లకు స్వంత వాక్యము వ్రాయగలిగినచో ఆ కళాశాలది ఉన్నత ప్రమాణము.

ప్రయోజనము

చదువునకు, బ్రతుకునకు సంబంధముండవలెనన్న ఆలోచన మనకు క్రొత్తది కాదు. 1937లో డాక్టర్ జాకిర్ హుసేన్ అధ్యక్షతన రూపొందిన వార్ధా విద్యా ప్రణాళిక చేతిపనినే విద్యకు కేంద్రము చేసినది. కొఠారీ సంఘము కార్యానుభవమును విద్యలో భాగము చేయుమన్నది. నేడు నైపుణ్య కోర్సులు, ఇంటర్న్‌షిప్పులు అను పేర్లతో వినబడుచున్నది ఈ భావమే.

ఉపాధి అనగానే కంప్యూటరు కోర్సు ఒక్కటియే స్ఫురించుట మన కాలపు అలవాటు. మన విద్యార్థుల చేతిలోనున్న సంపదను మనము గుర్తింపలేదు. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఆంగ్లము: మూడు భాషల నడుమ నిత్యము తిరుగుచున్నవారు వీరు. తెలంగాణమున 2017లో రాష్ట్రమంతటికిని ఉర్దూ రెండవ అధికార భాష అయినది. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభయు అట్టి నిర్ణయము చేసినది. కార్యాలయములకు అనువాదకులు కావలెను. నిజాం కాలపు భూమి రికార్డులు అనేకము ఉర్దూలో ఉన్నవి. సేత్వారు, పహాణీ, ఫైసల్ పట్టీ అను మాటలను తెలుగు రైతు నేటికిని పలుకుచున్నాడు; కాని ఆ పాత కాగితమును చదివి తెలుగులో చెప్పగలవారు నానాటికి తగ్గుచున్నారు. ఈ పనిని ఒక సర్టిఫికెట్ కోర్సుగ నేర్పుటకు మనవంటి కళాశాల కంటె తగిన స్థలమేది?

ప్రయోజనమునకు మరియొక అర్థమును కలదు. చదువు మనిషికి తన చుట్టునున్న జీవితమును అర్థము చేయవలెను. తండ్రి గిరాకీ ఎందుకు తగ్గినదో, రెడీమేడ్ దుస్తుల అంగడి వచ్చి వీధి దర్జీని ఏమి చేసినదో తెలుసుకొనగలిగిననాడు ఆ బాలికకు అర్థశాస్త్రము కూడుపెట్టు విద్యయే గాక కన్ను తెరపించు విద్యయు అయియుండెడిది.

మనము చేయదగినవి

జాతీయ విధానములు మన చేతిలో లేవు. తరగతి గది మన చేతిలో ఉన్నది. నాకు తోచిన కొన్ని పనులను మనవి చేయుచున్నాను.

1. మొదటి సంవత్సరము ప్రారంభమున నాలుగు వారములు పాఠ్యప్రణాళికను ప్రక్కన పెట్టి, ప్రతి శాస్త్రమునందలి ముఖ్య పదములను ఇంటి భాషలో పరిచయము చేయవలెను.

2. ప్రతి విభాగము నూరు పదముల త్రిభాషా పట్టికను తయారు చేయవలెను. డిమాండ్, సప్లై అను మాటలకు ఎదురుగ ఉర్దూలో తలబ్, రసద్. తెలుగులో గిరాకీ, సరఫరా. ఉర్దూ, తెలుగు శాఖలు కలసి చేయదగిన పని ఇది. బి.కాం. వారికై ఒక పట్టికను మేము ఇప్పటికే వ్రాయ నారంభించితిమి.

3. మొదటి రెండు ఇంటర్నల్ పరీక్షలలో విద్యార్థి తన భాషలో సమాధానము వ్రాయుటకు అనుమతింపవలెను. అతనికి విషయము రాదో, భాష రాదో అప్పుడు తేలును.

4. మొదటి మాసములో ప్రతి అధ్యాపకుడు నోటుపుస్తకములను ఒక్కసారి తెరచి చూడవలెను. నేను ఆలస్యముగ నేర్చుకొన్న పాఠమిది. ఇప్పుడు ప్రతి సంవత్సరము తప్పక చూచుచున్నాను. లిపి మారిన పుటలు ప్రతి సంవత్సరము కనబడుచునే ఉన్నవి.

విద్యార్థులకు ఒక మాట. అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గుపడవలదు. ప్రభుత్వము మీ ఫీజు చెల్లించుచున్నది మీరు మౌనముగ కూర్చుండుటకు కాదు. మీ ప్రక్కనున్న మిత్రునికి తెలిసినది మీ భాషలో చెప్పుమని అడుగుడు; మీకు తెలిసినది అతని భాషలో చెప్పుడు.

ముగింపు

రాధాకృష్ణన్ సంఘము నుండి నేటి వరకు ప్రవేశము, ప్రమాణము, ప్రయోజనము అను మూడింటిని వేరువేరు అధ్యాయములుగ వ్రాసినారు. సామాన్య కళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థి ప్రక్కన నిలిచి చూచినచో ఇవి మూడును ఒక్కటియే. అర్థము కాని పాఠము ప్రమాణము లేనిది. ప్రమాణము లేని చదువు ప్రయోజనము లేనిది. ప్రయోజనము కనబడని చదువును పేదవాడు విడిచి వెడలును, అంతటితో ప్రవేశమును వ్యర్థమగును.

మన వార్షిక సంచికలో ఉర్దూ భాగము కుడి వైపు నుండి, తెలుగు భాగము ఎడమ వైపు నుండి మొదలై నడుమ కలియుచున్నవి. వచ్చే సంవత్సరపు సంచికలో ఆ నడిమి పుటలో మన త్రిభాషా పదపట్టికను ముద్రింపవలెనని నా కోరిక. మొదటి పదము గిరాకీ కావలెను.